విశాఖలో బండికి నంబరు ప్లేటు: ఎక్కడ కొనాలి, ఎలా బిగించాలి, ఏది చెల్లదు

ఆశీలుమెట్ట దగ్గర సంపత్ వినాయగర్ గుడి ముందు కొత్త బండ్లు పూజకు నిలబడని రోజు దాదాపు ఉండదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిలుకు పూలదండ వేసి, గంధం, పసుపు, కుంకుమ బొట్లు పెడతారు. ఆ బొట్లలో ఒకటి తప్పనిసరిగా నంబరు ప్లేటు మీద పడుతుంది. అందులో తప్పేమీ లేదు. కాని చాలామందికి ఆ ప్లేటుతో ఉన్న పరిచయం అక్కడితోనే ముగుస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద ఉన్న చిన్న అంకెలేమిటి, అది పోతే ఎవరిని అడగాలి అన్న సంగతులు ట్రాఫిక్ పోలీసు బండి ఆపిన రోజుకు గాని గుర్తుకు రావు. నంబరు రాసిన రేకు ఏదైనా నంబరు ప్లేటే అనుకోవడం వల్లనే ఈ చిక్కులన్నీ వస్తున్నాయి. చట్టం దృష్టిలో నంబరు ప్లేటు అంటే మీ ఆర్సీకి బండి మీద బిగించిన నకలు. ఆర్సీని జిరాక్సు షాపులో తయారు చేయించుకోము కదా, ప్లేటూ అంతే.

ఆ రేకులో ఏముంటుంది

దీనికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు. ఆ నిబంధనలలో 50వది ప్లేటు ఎలా ఉండాలో, ఎక్కడ ఉండాలో చెబుతుంది. 51వది అక్షరాలు, అంకెలు ఎంత ఎత్తు, ఎంత మందం ఉండాలో మిల్లీమీటర్లలో చెబుతుంది. హై సెక్యూరిటీ ప్లేటు అనే మాట 2001లో చేసిన సవరణతో వచ్చింది. రాష్ట్రాలు ఏళ్ల తరబడి జాప్యం చేయగా సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించవలసి వచ్చింది. చివరకు 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ప్రతి వాహనానికీ ప్లేటును వాహన తయారీ సంస్థే సమకూర్చాలని, డీలరు బిగించి ఇవ్వాలని నిబంధన అమలులోకి వచ్చింది.

ఒకసారి మీ బండి ముందు కూర్చుని, సెల్‌ఫోను లైటును కాస్త పక్కవాటుగా పట్టి ప్లేటును చూడండి. ఒక మిల్లీమీటరు మందమున్న అల్యూమినియం రేకు, మూలలు గుండ్రంగా ఉంటాయి. అక్షరాలు, అంకెలు రంగుతో రాసినవి కావు, రేకునే వెనుక నుంచి నొక్కి ఉబ్బెత్తుగా తెచ్చినవి. వేలితో తడిమితే తెలుస్తుంది. ఎడమవైపు పై మూలలో 20 మిల్లీమీటర్ల చదరంలో అశోక చక్రం హోలోగ్రాం ఉంటుంది. దానికి దిగువన నీలి రంగులో 'ఐఎన్‌డీ' అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు. ఉబ్బెత్తు అంకెల నల్లని ముఖం మీద 45 డిగ్రీల వాలులో 'ఇండియా' అన్న మాట సన్నగా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఎడమవైపు కింది భాగంలో ఉండే లేజర్ సంఖ్య. కనీసం పది అంకెలు, అక్షరాలు గల ఈ సంఖ్య దేశంలో మరే ప్లేటుకూ ఉండదు. మీ ముందు ప్లేటుకు ఒక లేజర్ సంఖ్య, వెనుక ప్లేటుకు మరొకటి ఉంటాయి. ఆ రెండూ మీ బండి ఛాసిస్ నంబరుతో, ఇంజిన్ నంబరుతో కలిసి ప్రభుత్వ రికార్డులో చేరతాయి. ఆ కలపడంలోనే ప్లేటు విలువంతా ఉంది. రేకు ఎంత నాణ్యమైనదైనా, రికార్డులో దాని లేజర్ సంఖ్య లేకపోతే అది ఒట్టి రేకే.

కారు, లారీ, బస్సు వంటి ముందు అద్దం ఉన్న వాహనాలకు మూడో ప్లేటు కూడా ఉంటుంది. దాన్ని ప్లేటు అంటారు గాని నిజానికి అది అద్దానికి లోపలి వైపు ఎడమ మూల అంటించే 100 మిల్లీమీటర్ల పొడవు, 60 మిల్లీమీటర్ల వెడల్పు గల స్టిక్కరు. రిజిస్టరు చేసిన అధికారి కార్యాలయం, బండి నంబరు, రెండు ప్లేట్ల లేజర్ సంఖ్యలు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, రిజిస్ట్రేషన్ తేదీ దాని మీద ఉంటాయి. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు లేత నీలం, డీజిల్ బండ్లకు నారింజ, మిగిలిన వాటికి బూడిద రంగు. బీఎస్-6 కార్లకు, అంటే పొగ కాలుష్యం మీద ఆ పేరుతో ఉన్న ప్రమాణానికి తగ్గట్టు తయారైనవాటికి, పైన ఆకుపచ్చ పట్టీ అదనం. పీకితే చిరిగిపోయేలా దాన్ని తయారు చేస్తారు కాబట్టి అద్దం మార్పించుకునేటప్పుడు కొత్త స్టిక్కరు కూడా తీసుకోవాలని గుర్తుంచుకోవాలి.

నకిలీ ప్లేటు నాకు ఎలా దొరికింది

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. నా పాత స్కూటరు వెనుక ప్లేటు ఒక వానాకాలంలో విరిగిపోతే, దారిలో కనిపించిన ఒక స్టిక్కరింగ్ దుకాణంలో అడిగాను. పావుగంటలో ప్లేటు చేతికొచ్చింది. తెల్లగా మెరుస్తోంది, అశోక చక్రం ఉంది, 'ఐఎన్‌డీ' కూడా ఉంది. ఆర్సీ చూపమని ఆయన అడగలేదు, అడగకపోవడం నాకూ సుఖంగానే తోచింది. మూడు నెలలు తిరగకముందే సముద్రపు గాలికి ఆ చక్రం అంచు లేచింది. తరువాత ఒక తనిఖీలో ఎస్సై గారు వంగి, గోటితో ఆ అంచును కొంచెం ఎత్తి చూశారు. చక్రం మొత్తం బొట్టుబిళ్లలా ఊడి ఆయన వేలికి అంటుకుంది. "లేజర్ నంబరేది?" అన్నారు. ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. జరిమానా కట్టాను. దానికన్నా ఆ బొట్టుబిళ్లే ఎక్కువ గుర్తుండిపోయింది. అసలైన హోలోగ్రాం వేడి ముద్రతో రేకులో కలిసిపోతుంది, గోటికి రాదు. పరీక్షించడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. ఆర్సీ అడగకుండా, ఛాసిస్ నంబరు చూడకుండా అక్కడికక్కడే ఇచ్చే ప్లేటు ఏదైనా చట్టబద్ధమైనది కాదు.

కొత్త బండి కొనేటప్పుడు

ఈ సందర్భంలో మీరు ప్లేటును విడిగా కొనవలసిన పనే లేదు. 2019 సవరణ తరువాత చట్టంలోని 41వ సెక్షన్‌లో చేరిన నియమం ప్రకారం, డీలరు ద్వారా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసిన కొత్త వాహనాన్ని, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు ప్రదర్శించే వరకు యజమానికి అప్పగించకూడదు. అంటే ప్లేటు బిగించి ఇవ్వడం షోరూము వారు మీకు చేసే ఉపకారం కాదు, వారి బాధ్యత. ప్లేటు పేరిట వేరే సొమ్ము అడిగితే, ఏ లెక్కన అడుగుతున్నారో బిల్లులో రాసి ఇమ్మని కోరండి.

మన వైపు చిక్కంతా ముహూర్తంతో వస్తుంది. శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు బండి బయటకు తీయాలని ఇంట్లో పెద్దలు నిర్ణయిస్తారు, నంబరు ఇంకా రాదు, లేదా నంబరు వచ్చినా ప్లేటు రాదు. "ప్లేటు రాగానే ఫోను చేస్తాం, వచ్చి బిగించుకోండి" అని బండి ఇచ్చేస్తారు. తరువాత ప్లేటు షోరూము బీరువాలో ఉంటుంది, బండి బీచ్ రోడ్డు మీద ఉంటుంది. అలా తిరిగే బండికి ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవలసింది నడిపినవారే. రిజిస్ట్రేషన్ లేకుండా బండి నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 5 వేల రూపాయల వరకు, మళ్లీ దొరికితే 10 వేల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు కూడా విధించవచ్చు. అందువల్ల ముహూర్తం పెట్టించుకోవడానికి ముందే ప్లేటు ఎప్పటికి సిద్ధమవుతుందో షోరూములో కనుక్కుని, ఆ తేదీ తరువాతి మంచిరోజును పంతులుగారిని అడగడం తెలివైన పని. టీఆర్ మీద, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద బండి ఇస్తే, ఆ నంబరును కూడా పసుపు నేల మీద ఎర్ర అక్షరాలతో ప్రదర్శించాలి. కాగితం మీద రాసి అద్దానికి అంటించడం, 'ఫర్ రిజిస్ట్రేషన్' అని రాసుకుని వారాల తరబడి తిరగడం చెల్లవు.

ఫ్యాన్సీ నంబరు కావాలనుకునేవారు రవాణా శాఖ ఆన్‌లైన్ వేలంలో పాల్గొని కొనుక్కోవచ్చు. అది నంబరును కొనడం మాత్రమే. 9999కు ఎంత పోసినా దాన్ని రాసే తీరులో ఎవరికీ వెసులుబాటు లేదు. 8055ను వేలంలో గెలిచి, ఆ అంకెలను సాగదీసి 'బాస్' అని చదివించే ముచ్చట కొందరికి ఉంటుంది. నంబరు సక్రమమైనదే, ప్లేటు మాత్రం అక్రమమవుతుంది.

పాత బండికి కొత్త ప్లేటు

విశాఖలో 'ఏపీ 31' అంటే ఒక అభిమానం ఉంది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే వరుసగా 'ఏపీ 39' వచ్చిన తరువాత, పాత బండికి హై సెక్యూరిటీ ప్లేటు వేయిస్తే నంబరు కూడా మారిపోతుందేమో అని భయపడేవారిని నేను చూశాను. నంబరు మారదు. మారేది రేకు మాత్రమే. మీ ఏపీ 31 ఏపీ 31గానే ఉంటుంది.

పాత బండికి ప్లేటును ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. వాహన తయారీదారుల సంఘమైన సియామ్ వెబ్‌సైటులో హెచ్‌ఎస్‌ఆర్‌పీ, అంటే హై సెక్యూరిటీ ప్లేటు, అనే విభాగం ఉంది. అక్కడ రాష్ట్రాన్ని, బండి రకాన్ని, తయారీ సంస్థను ఎంచుకుంటే ఆ సంస్థ తరఫున ప్లేట్లు చేసే అధీకృత సరఫరాదారు పేజీకి చేరతారు. ఇంతవరకు నేరుగా వెళ్లడం ముఖ్యం. శోధన ఫలితాలలో పైన కనిపించిన ప్రకటనను నొక్కవద్దు. ప్లేట్ల పేరుతో డబ్బు కట్టించుకుని మాయమయ్యే నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, అవి అసలైన వాటికన్నా అందంగా కూడా ఉంటాయి. వాట్సాప్‌లో లింకు పంపి, ఫోన్‌పే నంబరుకు సొమ్ము వేయమనేవారితో అసలు మాట్లాడవలసిన అవసరమే లేదు.

ఆ పేజీలో బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అడుగుతారు. వాటిని ఆర్సీలో చూసి ఒక్కో అక్షరం సరిచూస్తూ నింపండి. సున్నాకు, 'ఓ' అక్షరానికి మధ్య, ఒకటికి, 'ఐ' అక్షరానికి మధ్య జరిగే పొరపాటే ఎక్కువసార్లు దరఖాస్తును ఆపుతుంది. వివరాలు సరిగ్గా ఇచ్చినా రికార్డుతో సరిపోలడం లేదని వస్తే, లోపం చాలావరకు పాత రికార్డును కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు జరిగినదై ఉంటుంది. అప్పుడు ప్లేటు వారితో వాదించి ప్రయోజనం లేదు. ఆర్సీ, బీమా కాగితం, ఆధార్ తీసుకుని మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయానికో, మీ బండి గాజువాక పరిధిలో రిజిస్టరైనదైతే అక్కడి కార్యాలయానికో వెళ్లి, ముందు రికార్డు సరిచేయించుకోవాలి. బండిని కూడా తీసుకువెళ్లడం మంచిది, ఎందుకంటే ఛాసిస్ నంబరును బ్రేక్ ఇన్‌స్పెక్టరు స్వయంగా చూడాలంటారు. ఒకవేళ తుప్పు పట్టి ఆ నంబరు కనబడకపోతే ఇంటి దగ్గరే కిరోసిను గుడ్డతో తుడుచుకుని వెళ్లండి, అక్కడి ఎండలో ఆ పని చేయడం కష్టం.

రికార్డు సరిపోలితే, ప్లేటు బిగించే డీలరు కేంద్రాన్ని, తేదీని, సమయాన్ని ఎంచుకుని సొమ్ము చెల్లించాలి. ధర బండి రకాన్ని బట్టి మారుతుంది. జీఎస్టీతో కలిపి ఎంతో చెల్లింపునకు ముందే తెర మీద కనిపిస్తుంది. రసీదును దాచుకోండి. ప్లేటు చేతికి రావడానికి ముందు ఎవరైనా ఆపితే, బుక్ చేసుకున్నానని చూపించడానికి అదొక్కటే మీ దగ్గర ఉండే ఆధారం. ఆ రసీదు ప్లేటుకు బదులు కాదు, పాత ప్లేటును అప్పటి వరకు తీయవద్దు.

బిగించే రోజు

నిర్ణయించిన రోజున ఆర్సీ, రసీదు తీసుకుని బండితోనే వెళ్లాలి. ప్లేటును చేతికిచ్చి ఇంటికి పంపించే పద్ధతి లేదు, ఎందుకంటే వెనుక ప్లేటును ఒకసారి నొక్కితే మళ్లీ ఊడదీయలేని స్నాప్ లాక్‌తో బిగించాలి. మామూలు నట్టు, బోల్టు వేస్తే పనికిరాదు. స్నాప్ లాక్ అసలు ఉద్దేశం, ఎవరైనా ప్లేటును విప్పి మరో బండికి వేయాలని చూస్తే తాళం విరిగిపోయి ఆ పని బయటపడాలని. అందుకే సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చుకున్న తరువాత ప్లేటుకు మామూలు స్క్రూలు కనిపిస్తే ఊరుకోవద్దు. బంపరు విప్పడానికి తాళం కోసివేసి, చెప్పకుండా స్క్రూ పెట్టి పంపించారని అర్థం.

బిగించక ముందే చూసుకోవలసినవి రెండు. ఒకటి, ప్లేటు మీది నంబరు ఆర్సీ మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. రెండు, ఏ లేజర్ సంఖ్య ముందు ప్లేటుది, ఏది వెనుకది అన్నది మీకిచ్చే కాగితంతో సరిపోవాలి. ఇద్దరు ముగ్గురి ప్లేట్లు ఒకే బల్ల మీద పెట్టుకుని పని చేసే చోట తారుమారు జరగడం వింత కాదు. తాళం పడిన తరువాత పొరపాటు కనిపెడితే ప్లేటును కోయడం తప్ప మార్గం లేదు. బిగించాక ముందు, వెనుక ప్లేట్లను లేజర్ సంఖ్య కనిపించేలా దగ్గరగా ఫొటోలు తీసుకుని ఫోనులో ఉంచుకోండి. ఆ ఫొటోలు ఎందుకో చివర చెబుతాను.

ఎక్కడ, ఎలా కనిపించాలి

ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 200 మిల్లీమీటర్లకు 100 మిల్లీమీటర్లు. మోటారు సైకిళ్ల ముందు భాగానికి సన్నటి 285కు 45 కూడా ఉంది. కార్లకు 500కు 120 లేదా 340కు 200, లారీలకు, బస్సులకు 340కు 200. అక్షరాల కొలతలు కూడా ఇంతే కచ్చితం: మోటారు సైకిలు వెనుక అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, కార్ల మీద రెండూ 65. అసలైన ప్లేటు తెచ్చుకున్నవారు ఈ లెక్కలు కంఠస్థం చేయనక్కరలేదు, అచ్చే ఆ కొలతలో ఉంటుంది. ఇంకా పాత రంగు ప్లేటుతోనే నడుస్తున్నవారికి మాత్రం ఇవి అవసరం.

మోటారు సైకిలు ముందు ప్లేటు హ్యాండిలుకు సమాంతరంగా, ఎదురుగా వచ్చేవారికి చదవడానికి వీలుగా ఉండాలి. మడ్‌గార్డు అంచు మీద కత్తిలా నిలువుగా పక్కకు చూసే పాత పద్ధతి ఎప్పుడో పోయింది. వెనుక ప్లేటు మీద నంబరు రెండు వరుసలలో ఉండాలి. రాష్ట్రం, కార్యాలయం గుర్తులు పై వరుసలో, మిగిలినది కింద. బండి నిర్మాణం వల్ల స్థలం లేకపోతే ఒకే వరుసకు మినహాయింపు ఉంది. రాత్రి వేళ వెనుక ప్లేటు మీద తెల్లటి దీపం వెలగాలి, ఆ వెలుగులో 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలగాలి. ఈ దీపం సంగతి తెలిసినవారు అరుదు. ముందు లైటు మాడితే మెకానిక్ దగ్గరకు పరుగెత్తుతాము, ప్లేటు మీది చిన్న బల్బు రెండేళ్ల క్రితం మాడినా చూడము.

ప్లేటు మీద నంబరు తప్ప మరేదీ ఉండకూడదు. పేరు, బొమ్మ, కులం, పార్టీ, అభిమాన హీరో, దేవుడు, ఏదీ వద్దు. అక్షరాలు ఇంగ్లిషులో, అంకెలు 1, 2, 3 రూపంలోనే ఉండాలి కాబట్టి తెలుగు మీద ఎంత ప్రేమ ఉన్నా నంబరును తెలుగు అంకెలలో రాయించుకోవడం కుదరదు. 2024 ఎన్నికల తరువాత 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అన్న ప్లేట్లు ఎంత ఊపుగా వ్యాపించాయో అందరం చూశాము. సరదా సరదాగానే ఉంది, కాని నంబరు ఉండవలసిన చోట ఆ మాట పెట్టి నడిపితే అది నంబరు లేని బండి కిందికే వస్తుంది. ఆ ముచ్చట తీర్చుకోవాలంటే అద్దం మీదో, పెట్రోలు ట్యాంకు మీదో చోటు వెతుక్కోవాలి. మన ఊళ్లో నేవీ అన్న మాట, పోలీసు, ప్రెస్ అన్న మాటలు కూడా ప్లేటు మీదికి ఎక్కుతుంటాయి. ఉద్యోగం నిజమైనదే కావచ్చు, ప్లేటు మాత్రం ఆ ఉద్యోగం చెప్పుకునే చోటు కాదు. నాలుగు సింహాల చిహ్నమైతే 2005 నాటి ప్రత్యేక చట్టం కింద మరో కేసు.

తెలిసి చేసే తప్పులు వేరే ఉన్నాయి. స్కూటరు ప్లేటును సీటు కిందికి మడిచేయడం, చివరి అంకె మీద నల్ల టేపు అంటించడం, మాస్కు తగిలించడం, పైన నల్ల ఫిల్ము వేయడం. కెమెరా చలాన్లు తప్పించుకుందామని చేసే ఈ పనులను మామూలు ఉల్లంఘనగా చూడరు, ఉద్దేశం స్పష్టంగా ఉంది కాబట్టి బండిని స్టేషనుకు తీసుకువెళ్లే అవకాశం ఎక్కువ. తెలియక జరిగే కప్పివేతలు కూడా ఉన్నాయి: దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ సరిగ్గా రెండో అంకె ముందు ఊగుతుంటుంది, కారు బంపరు గార్డు కడ్డీ నంబరును రెండు ముక్కలు చేస్తుంది. దండను కాస్త పక్కకు కట్టండి. కడ్డీని తీయించండి, అదీ నిషిద్ధమే.

పూజ సంగతికి మళ్లీ వస్తే, పసుపు, కుంకుమ బొట్టును ఆ సాయంత్రమే తడి గుడ్డతో తుడవడం మంచిది. పసుపు మరక పట్టిన చోట రాత్రి లైటు పడినా ప్లేటు మెరవదు. ఓడరేవు వైపు, పాతనగరంలో ఉండేవారికి బొగ్గు ధూళి, అరకు ఘాట్ రోడ్డు మీద వెళ్లివచ్చేవారికి బురద అదే పని చేస్తాయి. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. పీచుతో తోమినా, పెట్రోలుతో రుద్దినా ఆ మెరుపునిచ్చే పైపొర పోతుంది. అంకెలు వెలిసిపోయాయని మళ్లీ రంగు వేయించవద్దు. ఆ పొరకు అయిదేళ్ల హామీ ఉంటుంది కాబట్టి ముందు రసీదు తీసి తేదీ చూడండి.

రంగుల లెక్క

సొంత బండికి తెల్ల నేల మీద నల్ల అక్షరాలు. అద్దెకు, సరుకు రవాణాకు తిరిగే వాటికి పసుపు మీద నలుపు. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే కార్లకు నలుపు మీద పసుపు. విద్యుత్తు బండి సొంతమైతే ఆకుపచ్చ మీద తెలుపు, కిరాయిదైతే ఆకుపచ్చ మీద పసుపు. ఇంకా రిజిస్టరు కాని బండ్లను డీలర్లు తమకిచ్చిన అనుమతి పత్రం (ట్రేడ్ సర్టిఫికెట్) మీద తిప్పితే వాటికి ఎరుపు మీద తెలుపు. సొంత కారును తెల్ల ప్లేటుతో కిరాయికి తిప్పితే ప్లేటు తప్పు చిన్నది, పర్మిట్ లేకపోవడం పెద్దది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ వెనక్కి తగ్గడానికి అదే కారణమవుతుంది.

విద్యుత్తు స్కూటర్లలో ఒక మెలిక ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న వాటికి రిజిస్ట్రేషనే అక్కరలేదు, నంబరు ప్లేటూ ఉండదు. అటువంటి దానికి అలంకారంగా ఆకుపచ్చ ప్లేటు పెట్టవద్దు. కాని నంబరు అక్కరలేదని చెప్పి అమ్మిన బండి నలభైలో పరుగెడుతుంటే అనుమానించండి, దానికి రిజిస్ట్రేషన్ కావాలి.

బయటి రాష్ట్రాల బండ్లు

స్టీలు ప్లాంటు, నౌకాదళం, ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ నంబర్లు ఇక్కడ సాధారణం. మరో రాష్ట్రపు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. కొత్త నంబరు వస్తే కొత్త ప్లేట్లూ రావాలి. పాత ప్లేట్లను జ్ఞాపకంగా దాచుకోకుండా బిగించే కేంద్రంలో అప్పగించండి. బదిలీల మీద తిరిగే ఉద్యోగులకు 2021లో వచ్చిన బీహెచ్ వరుసలో ఈ తిప్పలు ఉండవు. అందులో ముందు సంవత్సరం చివరి రెండు అంకెలు, తరువాత బీహెచ్, నాలుగంకెల సంఖ్య, చివర అక్షరాలు ఉంటాయి. తెలంగాణలో 2024లో టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది గాని అది కొత్త రిజిస్ట్రేషన్లకే. పాత టీఎస్ బండి మీద స్టిక్కరుతో టీజీ చేసుకుంటే అది దిద్దిన నంబరు అవుతుంది.

పోయినా, విరిగినా

ప్లేటు పోతే మొదట వెళ్లవలసింది పోలీసు స్టేషనుకు, ప్లేటు దుకాణానికి కాదు. తాళం విరగగొట్టి పట్టుకుపోయినదైతే మీ నంబరుతో మరో బండి ఎక్కడో తిరగబోతోందని అర్థం. ఫిర్యాదు చేసి, దాని నకలు తీసుకుని, అదే ఆన్‌లైన్ పద్ధతిలో కొత్త ప్లేటుకు బుక్ చేయాలి. దెబ్బతిన్నదైతే ఫిర్యాదు అక్కరలేదు, విరిగిన ముక్కను అప్పగించాలి. ఒక్కటే పోతే ఒక్కటే తీసుకోవచ్చు. కొత్త ప్లేటుకు కొత్త లేజర్ సంఖ్య వస్తుంది కాబట్టి కారుకైతే అద్దం మీది స్టిక్కరు కూడా మార్చాలి.

పాత బండి కొనేవారు ఇంజిన్ చప్పుడు వింటారు, టైర్లు నొక్కుతారు. ఫోనులో ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్ తెరిచి బండి నంబరు కొట్టి, అందులో వచ్చిన మోడలు, ఇంధనం, యజమాని పేరు మొదటి అక్షరాలు బండితో సరిపోతున్నాయో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. తరువాత ఆర్సీలోని ఛాసిస్ నంబరును బండి మీద వెతికి సరిచూడండి, కారైతే అద్దం మీది స్టిక్కరులోని లేజర్ సంఖ్యలను ప్లేట్లతో పోల్చండి. ముందు ప్లేటు సంఖ్య సరిపోయి వెనుకది సరిపోకపోతే అమ్మేవారి వివరణ ఎంత నమ్మకంగా ఉన్నా బయానా ఇవ్వవద్దు.

ఇక ఆ ఫొటోల సంగతి. మీరు ఇంట్లో ఉన్న సమయంలో మరెక్కడో సిగ్నలు దాటినట్టు ఈ-చలాను వస్తే, మొదట చలానులోని ఫొటో తెరిచి చూడండి. చాలాసార్లు అది మరో రంగు బండి, మరో మోడలు అయి ఉంటుంది. అంకెలలో ఒకటి కెమెరా తప్పుగా చదివినదో, ఎవరో మీ నంబరు పెట్టుకున్నదో తేలుతుంది. చలాను కట్టేస్తే గొడవ వదులుతుందని చెల్లించకండి, చెల్లించడం ఆ తప్పు మీదేనని ఒప్పుకోవడమవుతుంది, నంబరు వాడుకుంటున్నవాడు ఇంకా వాడుకుంటూనే ఉంటాడు. ఆర్సీ నకలు, లేజర్ సంఖ్యలు కనిపించే మీ ప్లేట్ల ఫొటోలు, చలాను నకలు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.